ప్లాస్మా, క్యాటలిస్ట్ కలిపి కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్‌గా మార్చాలంటే: రియాక్టర్ కట్టడం నుంచి లెక్క తేల్చడం దాకా

ప్లాస్మా క్యాటలిసిస్ మీద, అంటే విద్యుత్‌తో అయనీకరించిన వాయువునూ (ప్లాస్మా), తాను ఖర్చుకాకుండా చర్యను వేగం చేసే పదార్థాన్నీ (క్యాటలిస్ట్) కలిపి వాడడం మీద, పని మొదలుపెట్టే ఎంఎస్సీ, పీహెచ్‌డీ పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఏ క్యాటలిస్ట్ మంచిదని. నేను తిరిగి అడిగేది పవర్ ఎలా కొలుస్తున్నారని. ఈ రంగంలో మంచి క్యాటలిస్ట్‌లకు కొదవ లేదు, కొదవల్లా నమ్మదగిన కొలతలకే. అందుకని రియాక్టర్, క్యాటలిస్ట్ సంగతి కాస్త త్వరగా చెప్పేసి, కొలతల దగ్గర తీరిగ్గా ఆగుతాను.

ఉదాహరణగా ఒకే ఒక్క చర్య తీసుకుందాం. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు నాలుగు హైడ్రోజన్ అణువులతో కలిసి ఒక మీథేన్, రెండు నీటి అణువులు ఇస్తుంది. నికెల్ మీద ఇది జరుగుతుందని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ సబాటియే 1902లోనే చూపించాడు, 1912లో ఆయనకు నోబెల్ వచ్చింది. కొత్తవాళ్లకు నేను దీన్నే ఎందుకు చెబుతానంటే, వచ్చే పదార్థాలు తక్కువ: మీథేన్, నీళ్లు, కొంచెం కార్బన్ మోనాక్సైడ్. పైగా మామూలు వేడితో ఇది ఎలా నడుస్తుందో వందేళ్లకు పైగా తెలుసు కాబట్టి పోల్చి చూసుకోవడం సులువు.

అసలు రెండూ కలపడం దేనికి? నికెల్ బాగా పనిచేయాలంటే మామూలుగా 250 నుంచి 400 డిగ్రీల వేడి కావాలి. ప్లాస్మాలో వాయువు అంత వేడెక్కకపోయినా, అందులోని ఎలక్ట్రాన్ల దగ్గర 1 నుంచి 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే ఉష్ణోగ్రత లెక్కలో సుమారు 11,600 కెల్విన్లు. ఈ ఎలక్ట్రాన్లు గుద్దితే కార్బన్ డయాక్సైడ్ అణువులు కొన్ని విరుగుతాయి, చాలావరకు కంపించడం మొదలుపెడతాయి. అలా కంపిస్తూ వచ్చిన అణువు నికెల్ మీద వాలితే, విరగడానికి దానికి తక్కువ వేడి చాలు. ఆశ అదీ. ఆ ఆశ మీ రియాక్టర్‌లో నిజమవుతోందా, లేక ప్లాస్మా క్యాటలిస్ట్‌ను ఊరికే వేడి చేస్తోందా అన్నది తేల్చడమే మీ పని.

రియాక్టర్

మేం వాడేది డీబీడీ, అంటే డైఎలెక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్: రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య విద్యుత్ పారనివ్వని గోడ ఒకటి అడ్డుపెట్టి, వాయువులో విద్యుత్ మెరుపులు (డిశ్చార్జ్) పుట్టించే పద్ధతి. 1857లో వెర్నర్ సీమెన్స్ ఓజోన్ తయారీకి కట్టిన గొట్టానికి ఇది వారసురాలే. లోపలి వ్యాసం 20 మి.మీ., గోడ మందం 2 మి.మీ. ఉన్న క్వార్ట్జ్ గొట్టం తీసుకోండి. నట్టనడుమ 14 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్ పెట్టండి. చుట్టూరా 3 మి.మీ. సందు మిగులుతుంది. గొట్టం బయట 100 మి.మీ. పొడవున స్టీల్ మెష్ బిగించి చుట్టాలి. రాడ్‌కు హై వోల్టేజ్, మెష్ ఎర్త్ వైపు. రెండు కొసలా టెఫ్లాన్ మూతలు. టెఫ్లాన్ 250 డిగ్రీలు దాటితే నిలవదు కనుక మూతలు వేడి ప్రాంతానికి దూరంగా ఉండాలి. హైదరాబాద్‌లో ఉంటే రాడ్, మెష్ రాణిగంజ్‌లో, కెపాసిటర్లు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరికిపోతాయి. క్వార్ట్జ్ గొట్టం మాత్రం గ్లాస్ బ్లోయింగ్ తెలిసినవాళ్ల చేతనే కొలతకు కోయించుకోండి.

రాడ్ సరిగ్గా నడిమధ్యలో లేకపోతే సందు తక్కువున్న పక్కనే డిశ్చార్జ్ అంతా పోగవుతుంది, మిగతా క్యాటలిస్ట్ ఊరికే కూర్చుంటుంది. లైట్లు ఆపేసి చూస్తే ఇది కంటికే తెలిసిపోతుంది. ఇంకోటి, మెష్‌కూ క్వార్ట్జ్‌కూ మధ్య గాలి మిగిలితే అక్కడా డిశ్చార్జ్ పుడుతుంది, ఘాటైన ఓజోన్ వాసన వస్తుంది. ఆ బయటి డిశ్చార్జ్ తినే పవర్ కూడా మీ లెక్కలో పడిపోతుంది. మెష్ కింద గొట్టానికి సిల్వర్ పెయింట్ పూస్తే ఆ బెడద తప్పుతుంది. వానాకాలంలో గొట్టం మీద తేమ పట్టి, మెష్ అంచు నుంచి మూత దాకా ఉపరితలం వెంట నిప్పురవ్వలు పాకుతాయి. అందుకని మెష్ అంచుకూ లోహపు భాగాలకూ మధ్య ఐదు సెంటీమీటర్లయినా ఖాళీ వదలండి.

క్యాటలిస్ట్

పైన చెప్పిన కొలతలతో డిశ్చార్జ్ జరిగే చోటు సుమారు 16 ఘన సెంటీమీటర్లు. దాన్ని 1 నుంచి 1.6 మి.మీ. గామా అల్యూమినా (సన్న రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్) పూసలతో నింపితే దాదాపు 10 గ్రాములు పడతాయి. 10 శాతం నికెల్ కావాలంటే 9 గ్రాముల అల్యూమినాకు 1 గ్రాము నికెల్. అంటే ఆరు నీటి అణువులున్న నికెల్ నైట్రేట్ 4.95 గ్రాములు. పూసలు ఎంత నీరు పీల్చుకుంటాయో ముందుగా చూసుకుని, సరిగ్గా అంత నీటిలోనే నైట్రేట్ కరిగించి, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. పులిహోరలో మెతుకు మెతుక్కీ పులుసు పట్టినట్టు ప్రతి పూసకూ అందాలి, అడుగున ద్రావణం మిగలకూడదు. రాత్రంతా 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 450 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చండి. ఆ సమయంలో గోధుమ రంగు నైట్రోజన్ ఆక్సైడ్ పొగలు వస్తాయి, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. నికెల్ లవణాలు క్యాన్సర్ కారకాలు. గ్లవ్స్, మాస్క్ లేకుండా ఆ డబ్బా మూత కూడా తీయకండి.

తర్వాత వేరే ఫర్నేస్‌లో 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ పంపి నికెల్‌ను లోహంగా మార్చాలి. అలా మారిన నికెల్‌ను ఒక్కసారిగా గాలికి వదిలితే భగ్గున వేడెక్కుతుంది. చల్లారాక 1 శాతం ఆక్సిజన్ కలిపిన నైట్రోజన్ నెమ్మదిగా పంపి పైపొరను స్థిరపరిచి, అప్పుడు రియాక్టర్‌లోకి మార్చండి. ఆ పలుచని ఆక్సైడ్ పొరను రియాక్టర్‌లో కాసేపు హైడ్రోజన్ ప్లాస్మా నడిపి తొలగించుకోవచ్చు.

పొడిని నేరుగా నింపకండి. ఒత్తిడి పెరుగుతుంది, పొడి కొట్టుకుపోతుంది. ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. గామా అల్యూమినా రంధ్రాలు నానోమీటర్లలో ఉంటాయి, అంత చిన్న చోట ప్లాస్మా పుట్టదు. ప్లాస్మాలో తయారైన క్షణభంగుర కణాలు పూస లోపలికి దూరం వెళ్లకముందే ఆరిపోతాయి. కాబట్టి లోపల దాచిన నికెల్ కంటే పూస పైపొరలో ఉన్న నికెల్‌కే ప్లాస్మాతో ఎక్కువ పరిచయం. వీలైతే పైపొరకే నికెల్ పట్టేలా చేసిన పూసలు కూడా ఒకసారి పెట్టి పోల్చండి.

స్విచ్ వేసే ముందు

ఇందులో 10 నుంచి 20 కిలోవోల్టులు, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఒకే బల్ల మీద ఉంటాయి. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా అంటుకుంటుంది. ప్లాస్మాయే అగ్గిపుల్ల. ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు పెట్టి చూడండి. ఆర్గాన్‌తో గాలిని పూర్తిగా తోలేశాకే హైడ్రోజన్, హైడ్రోజన్ నిలకడగా పారుతున్నాకే వోల్టేజ్. ఆపేటప్పుడు ఇదే వెనక్కి: ముందు వోల్టేజ్, తర్వాత హైడ్రోజన్, చివర ఆర్గాన్. బయటికెళ్లే గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూర్చునే చోటికి దగ్గరగా. రియాక్టర్ చుట్టూ పెట్టె కట్టి, తలుపు తెరిస్తే సప్లయ్ ఆగిపోయేలా ఇంటర్‌లాక్ పెట్టించండి. తలుపు తీశాక కూడా ఎర్తింగ్ కర్రతో రాడ్‌ను తాకించకుండా చెయ్యి పెట్టొద్దు. ఒక్కరే ఉన్నప్పుడు నడపకండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట.

పవర్

సప్లయ్ డబ్బా మీద కనిపించే వాట్లు రాసుకుని పేపర్ పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అంకెలో ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలూ ఉంటాయి. ప్లాస్మాకు నిజంగా ఎంత చేరిందో తెలియాలంటే మ్యాన్లీ అనే పరిశోధకుడు 1943లో ఓజోన్ గొట్టాల కోసం వాడిన లిస్సాజూ పద్ధతే నేటికీ మన దిక్కు.

మెష్‌ను నేరుగా ఎర్త్‌కు కలపకుండా మధ్యలో 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఫిల్మ్ రకమే కొనండి. సిరామిక్ కెపాసిటర్లలో చాలా రకాలు వోల్టేజ్ పెరిగే కొద్దీ విలువ మార్చుకుంటాయి. 400 వోల్టులకు తగ్గని రేటింగ్ ఉండాలి. దాని మీది వోల్టేజ్‌ను 10 రెట్లు తగ్గించే ప్రోబ్‌తో, రాడ్ మీది వోల్టేజ్‌ను 1000 రెట్లు తగ్గించే హై వోల్టేజ్ ప్రోబ్‌తో ఆసిలోస్కోప్‌లోకి తీసుకోండి. కెపాసిటర్ వోల్టేజ్‌ను దాని విలువతో గుణిస్తే చార్జ్ వస్తుంది. అడ్డంగా రాడ్ వోల్టేజ్, నిలువుగా చార్జ్ పెట్టి గీస్తే ఒక మూసిన బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ వైశాల్యం ఒక సైకిల్‌లో ఖర్చైన శక్తి. ఫ్రీక్వెన్సీతో గుణిస్తే పవర్. వైశాల్యం 3 మిల్లీజౌళ్లు, ఫ్రీక్వెన్సీ 10 కిలోహెర్ట్జ్ అయితే 30 వాట్లు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆ కెపాసిటర్ వైరు ఊడితే మెష్ ఎర్త్‌లో ఉండదు, కిలోవోల్టులకు ఎగబాకుతుంది. కెపాసిటర్‌కు సమాంతరంగా, వోల్టేజ్ హద్దు దాటితే దాన్ని ఎర్త్‌కు మళ్లించే సర్జ్ అరెస్టర్ ఒకటి పెట్టడం మరవకండి. మెష్ ఎర్త్ వైపే కదా అని తాకడం అసలు వద్దు.

ఆ బొమ్మను ఊరికే వైశాల్యం కోసం వాడి వదిలేయకండి, అది ఇంకా చాలా చెబుతుంది. ఖాళీ గొట్టంలో శుభ్రమైన సమాంతర చతుర్భుజం వస్తుంది. తక్కువ వాలున్న భుజాలు డిశ్చార్జ్ లేని సమయం, నిటారుగా ఉన్న భుజాలు డిశ్చార్జ్ మండుతున్న సమయం. నిటారు భుజం వాలు క్వార్ట్జ్ కెపాసిటెన్స్‌తో సరిపోవాలి. పూసలు నింపగానే ఆ వాలు తగ్గి, మూలలు గుండ్రపడి, బొమ్మ బాదంకాయలా మారిందనుకోండి, సందంతా డిశ్చార్జ్ అవడం లేదని అర్థం. పూసలు తాకే చోట్ల మాత్రమే చిన్న చిన్న మెరుపులు వస్తున్నాయి. బేరియం టైటనేట్ లాంటి డైఎలెక్ట్రిక్ విలువ ఎక్కువున్న పూసలతో ఇది మరీ ఎక్కువ. వోల్టేజ్ కొద్దిగా పెంచుతూ ఆ బొమ్మ విచ్చుకోవడం చూడండి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. గొట్టం లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడేలా గీసి ఇచ్చే పరికరం ఇంత చవగ్గా ఇంకోటి లేదు.

వచ్చిన పవర్‌ను వాయువు ప్రవాహంతో భాగించండి. 30 వాట్లు అంటే నిమిషానికి 1800 జౌళ్లు. నిమిషానికి 50 మిల్లీలీటర్లు పంపుతుంటే ఒక్కో మిల్లీలీటరుకు 36 జౌళ్లు. 25 డిగ్రీల దగ్గర మోల్‌కు 24.5 లీటర్ల లెక్కన అది మోల్‌కు 882 కిలోజౌళ్లు, ఒక్కో అణువుకు సుమారు 9 ఎలక్ట్రాన్ వోల్టులు. కార్బన్ డయాక్సైడ్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును విడగొట్టడానికి కావలసింది 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. మనం ఎంత ధారాళంగా పోస్తున్నామో చూడండి. అన్నట్టు, వాయువు ప్రవాహాన్ని నియంత్రించే మాస్ ఫ్లో కంట్రోలర్ చూపించే మిల్లీలీటర్లు 0 డిగ్రీల దగ్గరివో 25 డిగ్రీల దగ్గరివో దాని మాన్యువల్‌లో చూసుకోండి. ఆ తేడాయే 9 శాతం. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో గాలి ఒత్తిడి 950 మిల్లీబార్ల దగ్గరే ఉంటుంది. సబ్బు బుడగ మీటరుతో కొలిస్తే దాన్నీ సరిచేయాలి.

వేడి ఎంత

30 వాట్లు అంత చిన్న గొట్టంలో పోస్తే గోడ వంద డిగ్రీలు దాటడం మామూలే. ఉష్ణోగ్రత రాయకుండా "గది ఉష్ణోగ్రత దగ్గర చర్య" అని రాయడం అన్యాయం. మెష్‌కు మామూలు థర్మోకపుల్ తగిలిస్తే అది కెపాసిటర్‌ను పక్కదారి పట్టించి చార్జ్ లెక్క చెడగొడుతుంది, మీటర్ కూడా పోవచ్చు. ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ దొరికితే అదే వాడండి. లేకపోతే మెష్ అంచు పక్కన గొట్టం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. లోపలి పూసలు గోడ కంటే వేడిగా ఉంటాయని మరవొద్దు.

తర్వాత ప్లాస్మా ఆపేసి, అదే క్యాటలిస్ట్‌ను ఫర్నేస్‌లో గది వేడి నుంచి 400 డిగ్రీల దాకా మెల్లగా వేడి చేస్తూ మార్పిడి శాతం (పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో ఎంత మారిందో) గీసుకోండి. ప్లాస్మాతో గోడ 180 డిగ్రీలు చూపించినప్పుడు వచ్చిన మార్పిడి, ఫర్నేస్‌లో 180 దగ్గర సున్నా, 260 దగ్గర మాత్రం అంతే వస్తోందనుకోండి. అప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న: పూసలు నిజంగా 260 దాకా వేడెక్కాయా? దానికి జవాబు లేకుండా ప్లాస్మా మహిమ అనేయకండి.

పోలిక కోసం ఖాళీ పరీక్షలు

ప్లాస్మా ఒక్కటే, క్యాటలిస్ట్ ఒక్కటే, రెండూ కలిపి. ఈ మూడే చేసి, మూడోది మొదటి రెండిటి మొత్తం కంటే ఎక్కువొచ్చిందని సినర్జీ ప్రకటిస్తారు. ఇందులో పెద్ద లొసుగుంది. ఖాళీ గొట్టంలో 16 ఘన సెంటీమీటర్లు వాయువుదే, కాబట్టి నిమిషానికి 50 మిల్లీలీటర్ల దగ్గర అది లోపల 19 సెకన్లు ఉంటుంది. పూసలు నింపాక మిగిలే ఖాళీ సుమారు 40 శాతమే, కాబట్టి 8 సెకన్ల లోపే బయటపడుతుంది. పూసలు విద్యుత్ క్షేత్రాన్ని కూడా మార్చేస్తాయి. రెంటినీ ఎలా పోలుస్తాం? ఖాళీ గొట్టంలో ప్రవాహం నిమిషానికి 125 మిల్లీలీటర్లకు పెంచితే ఉండే సమయం సమానమవుతుంది, కానీ మిల్లీలీటరుకు అందే శక్తి తగ్గిపోతుంది. అదీ సమానం కావాలంటే పవర్ 75 వాట్లకు పెంచాలి, అప్పుడు డిశ్చార్జ్ స్వభావమే మారుతుంది.

నా మాట ఏంటంటే, ఖాళీ గొట్టం కొలతను పక్కన ఉంచుకోండి గానీ అసలు పోలిక మాత్రం నికెల్ లేని అదే సైజు అల్యూమినా పూసలతో చేయండి. అదే పవర్, అదే ప్రవాహం. దానికీ నికెల్ పూసలకూ మధ్య తేడాయే నికెల్ చేసిన పని. ఇది కూడా నూటికి నూరుపాళ్లు సరైనది కాదు, ఎందుకంటే లోహపు నికెల్ విద్యుత్‌ను పారనిస్తుంది, డిశ్చార్జ్‌ను మారుస్తుంది. అందుకే రెండిటి లిస్సాజూ బొమ్మలనూ పక్కపక్కన చూపించాలి.

కొత్త పూసలు మొదట్లో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. ఆ మొదటి అంకెలు చూసి సంబరపడొద్దు. వాయు మిశ్రమంలో ఏది ఎంతుందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో వరుసగా వచ్చే రీడింగ్‌లు కదలకుండా నిలిచాకే రాసుకోండి.

వాయువు కుంచించుకుపోతుంది

అన్నిటికంటే ఎక్కువ పేపర్లను కూల్చగల లెక్క ఇది. కాగితం తీసుకుని నాతో పాటు చేయండి. నిమిషానికి 10 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్, 40 హైడ్రోజన్ లోపలికి పంపారు. కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా సగం మీథేన్ అయింది. ఇప్పుడు మిగిలింది: కార్బన్ డయాక్సైడ్ 5, హైడ్రోజన్ 20, మీథేన్ 5. నీళ్లు ఐస్‌లో పెట్టిన ట్రాప్‌లో ఆగిపోయాయి. బయటికొచ్చేది మొత్తం 30. అందులో కార్బన్ డయాక్సైడ్ 16.7 శాతం. లోపలికి వెళ్లేటప్పుడు 20 శాతం. శాతాలు మాత్రమే పోల్చినవాళ్లకు మార్పిడి 16.7 శాతమని వస్తుంది. నిజం 50!

కార్బన్ డయాక్సైడ్‌ను ఊరికే కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్‌గా విడగొట్టే ప్రయోగంలో వాయువు ఉబ్బుతుంది కాబట్టి తప్పు అటువైపు తిరుగుతుంది, మార్పిడి లేనంత గొప్పగా కనిపిస్తుంది. మందు ఒకటే. రియాక్టర్ దాటాక, ట్రాప్ తర్వాత, నిమిషానికి 5 మిల్లీలీటర్ల నైట్రోజన్ కలపండి. ముందు కలిపితే అది ప్లాస్మాను మారుస్తుంది. పై ఉదాహరణలో నైట్రోజన్ 14.3 శాతం కనిపిస్తుంది. 5ను 0.143తో భాగిస్తే 35. అందులోంచి నైట్రోజన్ 5 తీసేస్తే 30. ప్రవాహం దొరికింది, అన్నీ సరిపోతాయి. క్రొమటోగ్రాఫ్‌లో ఆర్గాన్‌ను క్యారియర్‌గా (నమూనాను మోసుకెళ్లే వాయువుగా) పెట్టుకుంటే హైడ్రోజన్ కూడా బాగా కనిపిస్తుంది.

ఆ తర్వాత కార్బన్ లెక్క చూడండి. లోపలికెళ్లిన కార్బన్ పరమాణువులన్నీ బయట దొరకాలి. 95 శాతం కన్నా తక్కువ దొరికితే పూసల మీద మసి పట్టిందా, ట్రాప్‌లో మిథనాల్ దాగుందా, ఎక్కడైనా లీక్ ఉందా అని వెతకాలి.

చివరి లెక్క

ఇప్పుడు పేపర్లలో ఎక్కువగా కనిపించనిది చేద్దాం. పైన చెప్పిన ప్రయోగంలో నిమిషానికి 5 మిల్లీలీటర్ల మీథేన్ వచ్చింది, 1800 జౌళ్లు ఖర్చయ్యాయి. ఒక మోల్ మీథేన్‌కు సుమారు 8,800 కిలోజౌళ్లు. ఆ మోల్‌ను మండిస్తే తిరిగొచ్చేది సుమారు 800. పెట్టిన కరెంటులో పదకొండో వంతు! హైడ్రోజన్ తయారీకి పట్టిన కరెంటు ఇందులో ఇంకా కలపనే లేదు. పోనీ కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టే చర్య చూసినా, డీబీడీల శక్తి సామర్థ్యం సాధారణంగా 10 శాతం దరిదాపుల్లోనో అంతకంటే కిందో ఉంటుంది. గ్లైడింగ్ ఆర్క్, మైక్రోవేవ్ ప్లాస్మాలు దీనికంటే చాలా మెరుగు.

ఈ అంకె చూసి చేతులెత్తేయమని కాదు. సోలార్ కరెంటు పొద్దున పెరిగి సాయంత్రం తగ్గుతుంది. ప్లాస్మాను క్షణాల్లో వెలిగించి ఆపగలం, పెద్ద ఫర్నేస్‌ను అలా ఆడించలేం. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల గాలిలో ఉండే పలుచని సాల్వెంట్ ఆవిర్లను కాల్చాలంటే గాలినంతా వేడి చేయడం దండగ. అలాంటి చోట ప్లాస్మా, క్యాటలిస్ట్ జోడీకి నిజమైన బలం ఉందని నా గట్టి నమ్మకం. ఆ బలం ఎక్కడుందో తేలాలంటే మార్పిడి శాతం పక్కనే మోల్‌కు కిలోజౌళ్లు కూడా రాయాలి.

మొదటి ఫలితం వచ్చాక చేయాల్సిన ప్రయోగం కూడా అదే. పవర్ 30 వాట్ల దగ్గరే ఉంచి, ప్రవాహాన్ని నిమిషానికి 50 నుంచి 200 మిల్లీలీటర్లకు మెట్లు మెట్లుగా పెంచండి. మార్పిడి పడిపోతుంది, కంగారు పడకండి. 200 దగ్గర అది 25 శాతానికి దిగినా మీథేన్ నిమిషానికి 10 మిల్లీలీటర్లు వస్తుంది, మోల్‌కు ఖర్చు 4,400 కిలోజౌళ్లకు, అంటే సగానికి తగ్గుతుంది. మార్పిడినీ ఖర్చునూ ఒకే గ్రాఫ్ మీద, ప్రవాహానికి ఎదురుగా గీయండి. నికెల్ పూసలకొకటి, ఉత్త అల్యూమినా పూసలకొకటి. క్యాటలిస్ట్ మార్చాలా, పూస సైజు మార్చాలా, సప్లయ్‌ను పల్స్ మోడ్‌లోకి తిప్పాలా అన్న నిర్ణయం ఆ రెండు గ్రాఫ్‌లు ముందు పెట్టుకున్నాక తీసుకోండి.